స్టీరింగ్‌లో లూజు ఎక్కడుంది?

సూర్యాపేట నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద పాత కారు నడిపేవాళ్లకు స్టీరింగ్‌లో వచ్చిన తేడా తొందరగా తెలియదు. రోడ్డు తిన్నగా, సాఫీగా ఉంటుంది. చెయ్యి తనంతట తానే కొంచెం అటూ ఇటూ సర్దుకుంటూ పోతుంది. అదే కారు కోదాడలో హైవే దిగి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి పట్టిందంటే బండారం బయటపడుతుంది. ధాన్యం లారీలు, సిమెంటు లారీలు తిరిగే తోవ, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. ఒక్కో కుదుపుకూ డ్యాష్‌బోర్డు కింద టకటకమని చప్పుడు. చేతిలోని స్టీరింగ్ పైకీ కిందికీ ఊగుతుంది, లేదంటే నాలుగు వేళ్ల మందం తిప్పినా బండి కదలదు.

షెడ్డుకు తీసుకెళితే రెండు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. ఒకటి: ‘బోల్టు బిగిస్తే పోతది.’ రెండోది: ‘సెట్టు మొత్తం మార్చాలె.’ రెండూ నిజమే కావచ్చు, రెండూ తప్పే కావచ్చు. ఎందుకంటే స్టీరింగ్ లూజు చేతికి తెలిసేది ఒకచోట, ఉండేది మరొకచోట. ఆ చోటు తెలిస్తే సగం కేసుల్లో పని ఇంటి ముందే, రెండు మూడు పానాలతోనే అయిపోతుంది. తెలియకుండా బిగిస్తే మాత్రం లూజు పోకపోగా బండి మరింత ప్రమాదకరంగా తయారవుతుంది.

చేతి నుంచి టైరు దాకా

మనం తిప్పే స్టీరింగ్ ఒక ఉక్కు షాఫ్టు కొసన నట్టుతో బిగించి ఉంటుంది. ఆ షాఫ్టు ఒక గొట్టం లోపల తిరుగుతుంది. గొట్టాన్ని డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్లు, బోల్టులు పట్టి ఉంచుతాయి. షాఫ్టు గొట్టానికి రాసుకోకుండా పైనా కిందా బుష్‌లో, బేరింగులో ఉంటాయి. వీటన్నిటినీ కలిపి స్టీరింగ్ కాలమ్ అంటాం.

కాలమ్ కింది కొస నుంచి యూనివర్సల్ జాయింట్లున్న చిన్న షాఫ్టు ఇంజను వైపు దిగుతుంది. మెకానిక్‌లు ఈ జాయింటును ‘క్రాస్’ అంటారు. షాఫ్టు కొసల మీద నిలువు పళ్లు చెక్కి ఉంటాయి, వాటిని స్ప్లైన్లంటారు. వాటి మీద జాయింటు తొడిగి, అడ్డంగా ఒక బోల్టుతో బిగిస్తారు. ఆ తర్వాత పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, దానికి ఆనుకుని అడ్డంగా జరిగే ర్యాక్ అనే పళ్ల కడ్డీ, రెండు పక్కలా టై రాడ్లు, వాటి చివర బాల్ జాయింట్లు. చివరికి టైరు.

1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కిన మారుతి 800తో ఈ ర్యాక్-పినియన్ ఏర్పాటు మన చిన్న ఊళ్ల మెకానిక్‌లందరికీ బాగా అలవాటైంది. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. ఏపీ 24 నంబరు పలకతో పాత నల్లగొండ జిల్లాలో ఇంకా తిరుగుతున్న చిన్న కార్ల వయసు దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే తనిఖీకి తీసుకెళ్లాలి. అక్కడ చూసేవాటిలో స్టీరింగ్ కూడా ఒకటి.

ఊగే లూజు, తిరిగే లూజు

పై గొలుసులో ప్రతి అతుకూ అరిగేదే. కానీ లూజు రకాలు రెండే.

మొదటిది ఊగే లూజు. బండి ఆపి, స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ, మీ వైపుకూ ముందుకూ ఊపండి. కాలమ్ మొత్తం, దాని ప్లాస్టిక్ తొడుగుతో సహా కదిలితే డ్యాష్‌బోర్డు కింది బ్రాకెట్ బోల్టులు వదులయ్యాయన్నమాట. తొడుగు కదలకుండా స్టీరింగ్ మాత్రమే కదిలితే పై బుష్ అరిగింది, లేదంటే స్టీరింగ్ నట్టు వదులైంది. స్టీరింగ్‌ను కిందికీ పైకీ వంచుకునే టిల్ట్ సౌకర్యమున్న కార్లలో ఆ మడత దగ్గర కూడా వదులు రావచ్చు. అమెరికాలో జనరల్ మోటార్స్ పాత టిల్ట్ కాలమ్‌లకు ఇది పేరుపడ్డ జబ్బు. లోపలెక్కడో దాగిన నాలుగు బోల్టులు వదులవుతాయి. వాటిని అందుకోవడానికి కాలమ్ పైభాగమంతా విప్పాలి. పని గంటల కొద్దీ, బోల్టులు మాత్రం నాలుగే. అక్కడ మెకానిక్ కూలి మండిపోతుంది కాబట్టి ఇంటి ముందే ఆ పని చేసుకునేవాళ్లు చాలామంది.

రెండోది తిరిగే లూజు, షెడ్డు భాషలో ‘ప్లే’. ముందు టైర్లు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు తిప్పండి. టైరు కదలబోయే చోట ఆపి, డ్యాష్‌బోర్డు మీది ఏదో ఒక గుర్తుకు ఎదురుగా స్టీరింగ్ అంచు మీద సుద్దతో గీత పెట్టండి. కుడికి తిప్పి మళ్లీ టైరు కదలబోయే చోట, అదే గుర్తుకు ఎదురుగా ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే ప్లే. తాళం చెవి తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది కాబట్టి చెవి లోపలే ఉంచి చూడాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజను నడుస్తుండగా చూడాలి.

ఇది పార కామ వదులైనప్పటి వ్యవహారమే. చెయ్యి ముందు కదులుతుంది, పార తర్వాత కదులుతుంది. ఆ మధ్య దూరం ఎక్కడ పోతోందో కనిపెట్టాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు లోపల కూర్చుంటారు, ఇంకొకరు బానెట్ తెరిచి ఒక్కో అతుకు మీద వేళ్లు పెడతారు. ‘కొంచెం కుడికి, కొంచెం ఎడమకు ఊపు తమ్మీ’ అని పై నుంచి కిందికి చూసుకుంటూ పోతారు. జాయింటుకు పైనున్న షాఫ్టు తిరిగి, కిందున్నది తిరగకపోతే దొంగ ఆ జాయింటే. పినియన్ తిరిగినా ర్యాక్ జరగకపోతే అరుగుదల ర్యాక్‌లో ఉంది. ర్యాక్ జరిగినా టైరు కదలకపోతే టై రాడ్ బాల్ జాయింటును పట్టుకోవాలి. కళ్లకు కనిపించని సందు కూడా వేళ్లకు దెబ్బలా తగులుతుంది. అనుభవమున్న ఉస్తాద్ చూపు కంటే వేళ్లనే ఎక్కువ నమ్మేది అందుకే.

వెంట్రుకంత సందు, వేలంత ప్లే

స్ప్లైన్‌లో మిల్లీమీటరులో అయిదో వంతు అరిగితే ఏమవుతుంది? లెక్క చూడండి. షాఫ్టు వ్యాసం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే సందు ఉన్నది మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో. మన చెయ్యి ఉండేది స్టీరింగ్ అంచున, మధ్య నుంచి సుమారు 185 మిల్లీమీటర్ల దూరంలో. 185ని 8తో భాగిస్తే 23. అక్కడి 0.2 మిల్లీమీటర్ల సందు చేతి దగ్గర దాదాపు 4.6 మిల్లీమీటర్లవుతుంది.

టై రాడ్ దగ్గర లెక్క ఇంకా పెద్దది. స్టీరింగ్ ఒక చుట్టు తిప్పితే ర్యాక్ సుమారు 40 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుందాం. ఆ ఒక చుట్టులో స్టీరింగ్ అంచు తిరిగే దూరం 116 సెంటీమీటర్లు. అంటే బాల్ జాయింటులోని ఒక మిల్లీమీటరు చేతికి 29 మిల్లీమీటర్లుగా తెలుస్తుంది. చేతికి అందే ప్లే మొత్తం ఇలా ఒక్కో అతుకులోని సందులన్నీ పెరిగి, కూడి వచ్చినదే. అందుకే ఒకచోట బాగుచేస్తే ప్లే తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కొత్త బండిలోనూ కొద్దిగా ఉంటుంది. చిన్న కార్ల సర్వీస్ పుస్తకాల్లో అంచు దగ్గర 30 మిల్లీమీటర్ల దాకా సరేననడం మామూలు.

చట్టం ఇంకా ఉదారం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ దగ్గర ప్లే 30 డిగ్రీలు దాటకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులుండాలి, బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలి. లారీకీ, బస్సుకూ, కారుకూ కలిపి రాసిన హద్దు ఇది. 37 సెంటీమీటర్ల స్టీరింగ్ మీద 30 డిగ్రీలంటే దాదాపు 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. కారుకు అది చాలా ఎక్కువ.

ఎంత ఎక్కువో తెలియాలంటే రోడ్డు మీద చూడాలి. స్టీరింగ్ 18 డిగ్రీలు తిరిగితే టైరు ఒక డిగ్రీ తిరుగుతుందనుకుందాం. 30 మిల్లీమీటర్ల ప్లే అంటే స్టీరింగ్ మీద 9 డిగ్రీలు, టైరు దగ్గర అర డిగ్రీ. మారుతి 800లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ దూరం 2,175 మిల్లీమీటర్లు. ఆ కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుండగా ముందు టైర్లు అర డిగ్రీ పక్కకు తిరిగి అలాగే ఉంటే, జ్యామితి లెక్క ప్రకారం ఒక్క సెకనులో బండి దాదాపు ఒక మీటరు పక్కకు జరుగుతుంది. పక్క వరుసలో లారీ ఉంటే ఆ మీటరే చాలు.

మరి ప్లే ఉన్న బండ్లన్నీ అలా ఎందుకు పోవడం లేదు? ముందు చక్రం ఎడమకూ కుడికీ మళ్లే అక్షాన్ని కొద్దిగా వెనక్కి వాలేలా అమర్చుతారు. దాన్ని క్యాస్టర్ కోణం అంటారు. బండి కదులుతున్నంతసేపూ అది టైరును తిన్నగా ఉంచడానికే చూస్తుంది. కాబట్టి సాఫీ రోడ్డు మీద లూజు దాక్కుంటుంది. గుంట వచ్చి ఒక టైరును పక్కకు నెట్టినప్పుడో, పక్క నుంచి బస్సు దూసుకుపోయినప్పుడో బయటికొస్తుంది. స్టీరింగ్ మంచిగానే ఉందని హైవే మీద నమ్మడానికి వీల్లేదు.

బోల్టు ఎందుకు వదులవుతుంది

బోల్టును బిగించడమంటే దాన్ని సాగదీయడమే. తలకూ నట్టుకూ మధ్య ఉక్కు వెంట్రుకవాసిలో పావు వంతు సాగి, స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు రేకుల్నీ నొక్కి పడుతుంది. మరల మధ్య ఉన్న రాపిడి ఆ బిగింపును జారకుండా కాస్తుంది. రోడ్డు అదిరినంత మాత్రాన ఈ రాపిడి పోదు. మరి ఎలా పోతుంది?

దీన్ని ప్రయోగంతో తేల్చినవాడు గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు. బోల్టు నిడివి వెంబడి వచ్చే కుదుపు కంటే, బిగించిన రేకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా జారినప్పుడే బోల్టు తనంతట తాను విప్పుకుంటుందని 1969లో ఆయన చూపించాడు. అడ్డంగా జారిన ఆ క్షణంలో మరల మధ్య రాపిడి ఆ దిక్కున ఖర్చైపోతుంది. బోల్టును వెనక్కి తిరగకుండా ఆపే శక్తి మిగలదు. ఒక్కో జారుకు ఒక్క పిసరు తిరుగుతూ కొన్ని వందల కుదుపుల్లోనే బిగింపు ఆవిరైపోతుంది. సర్వత్రా వాడే చీలిక స్ప్రింగ్ వాషర్ ఈ జారుడును పెద్దగా ఆపలేదని కూడా ఇలాంటి పరీక్షలే తేల్చాయి. ఆపేది ముందు సరైన బిగింపు. ఆ తర్వాత లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు, లేదంటే మరల మీద వేసే లాక్ ద్రవం.

కాలమ్ బ్రాకెట్‌ది సరిగ్గా ఈ పరిస్థితే. స్టీరింగ్ పట్టుకుని సీట్లోంచి లేచేవాళ్లు, దాని మీద బరువు వేసి దిగేవాళ్లు రోజూ ఆ బ్రాకెట్‌ను అడ్డంగా లాగుతుంటారు. ఒకసారి జారడం మొదలైతే జారిన కొద్దీ వదులు, వదులైన కొద్దీ జారుడు.

దీనికి ఎండ తోడవుతుంది. మే నెలలో ఈ ప్రాంతంలో 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. అద్దాలు మూసి నిలబెట్టిన కారులో డ్యాష్‌బోర్డు అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. వేడిలో గాలిలోని ఆక్సిజన్ రబ్బరు అణువుల గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తుంది. మెత్తని రబ్బరు గట్టిపడి, పగుళ్లిస్తుంది. బాల్ జాయింటు తొడుగు చిరిగిందంటే దుమ్ము లోపలికెళ్లి గ్రీజుతో కలిసి ఇసుక కాగితంలా పనిచేస్తుంది. నిబంధనలో రబ్బరు తొడుగు మాట ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

విరగడానికే పెట్టిన భాగం

కాలమ్ ఊగుతోందంటే కొందరు వెంటనే వెల్డింగ్ మాట ఎత్తుతారు. బ్రాకెట్‌ను బాడీకి రెండు టాకాలేస్తే జన్మలో కదలదు. నిజమే, గుద్దినప్పుడు కూడా కదలదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పాత కాలం కార్లలో స్టీరింగ్ షాఫ్టు ఒకే పొడుగు కడ్డీ. ఎదురుగా గుద్దితే బండి ముక్కు వెనక్కి నలిగి, ఆ కడ్డీని నేరుగా డ్రైవరు రొమ్ము మీదికి నెట్టేది. దాన్ని తప్పించడానికి దెబ్బ తగిలితే ముడుచుకుపోయే కాలమ్‌ను జనరల్ మోటార్స్ 1967 మోడల్ కార్లలో తెచ్చింది. అమెరికా ప్రభుత్వం 1968 జనవరి 1 నుంచి కొత్త కార్లకు దీన్ని నిబంధనగా పెట్టింది. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దినా కాలమ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదన్నది అందులో ఒక కొలత. ఆ ఆలోచనే తర్వాత ప్రపంచమంతా పాకింది.

ముడుచుకోవడం ఎలా? షాఫ్టు రెండు ముక్కలుగా, ఒకదాంట్లో ఒకటి దూరేలా ఉంటుంది. రెండింటినీ చాలా కార్లలో చిన్న ప్లాస్టిక్ పిన్నులు కలిపి ఉంచుతాయి. కొన్నింట్లో బ్రాకెట్‌కు కూడా దెబ్బ తగలగానే విడిపోయే చిన్న బిళ్లలుంటాయి. రోజువారీ పట్టుకు ఇవి చాలు, గుద్దినప్పుడు తెగిపోతాయి. ఆ తెగడమే మనిషిని కాపాడుతుంది. వెల్డింగ్ వేస్తే, దొరికిన లావు బోల్టు దూర్చితే, రేకు ముక్క కలిపి బిగిస్తే ఆ పాత కాలపు కడ్డీని మళ్లీ మనమే తయారుచేసుకున్నట్టు. షాఫ్టు కొసను సుత్తితో కొట్టడం కూడా ఇంతే ప్రమాదం. పైకి ఏమీ కనిపించదు, లోపల పిన్నులు తెగిపోతాయి.

ఇంటి ముందు చేయగలిగిన పని

ముందు ఒక హద్దు గీసుకోవాలి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని జోలికి ఇంట్లో వెళ్లొద్దు. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి తప్పనిసరైంది కాబట్టి అంతకు ముందరి చిన్న కార్లలో చాలావాటికి ఈ చిక్కు లేదు. అయినా స్టీరింగ్ నడుమ ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

బ్రాకెట్ బోల్టుల పని తేలిక. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, కాలమ్ ప్లాస్టిక్ తొడుగు విప్పి, డ్యాష్‌బోర్డు కింద టార్చి పెట్టి చూస్తే అవి కనబడతాయి. అన్నిటినీ ఒకేసారి విప్పొద్దు. ఒక్కొక్కటే తీసి, మరలు తుడిచి, ఒక చుక్క లాక్ ద్రవం వేసి తిరిగి ఎక్కించాలి. మధ్యస్థంగా పట్టే రకం తీసుకోవాలి, శాశ్వతంగా పట్టేది వద్దు. ఎంత బిగించాలో ఆ బండి సర్వీస్ పుస్తకం చెబుతుంది. అంత బలం కొలిచే టార్క్ పానా దొరికితే అదే వాడాలి. బోల్టు పాడైతే దుకాణంలో ఏదో ఒకటి తెచ్చి వేయకూడదు. తల మీద 8.8 అని ఉన్న బోల్టు ఉక్కు, 4.6 అని ఉన్నదానికి రెండింతల లాగుడు తట్టుకుంటుంది. పాతదాని మీద ఏ అంకె ఉందో కొత్తదాని మీదా అదే ఉండాలి.

పై బుష్ మార్చాలంటే స్టీరింగ్ ఊడదీయాలి. షాఫ్టుకూ స్టీరింగ్‌కూ కలిపి ఒక గీత గీసుకోండి. స్ప్లైన్‌కు 36 పళ్లుంటే, ఒక్క పన్ను తప్పినా స్టీరింగ్ 10 డిగ్రీలు వంకరగా కూర్చుంటుంది. నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరలు ఉంచి, పుల్లర్‌తో లాగాలి. నట్టు మొత్తం తీసేసి గుంజితే స్టీరింగ్ ఒక్కసారిగా ఊడివచ్చి మొహానికి తగులుతుంది.

జాయింటు దగ్గరి అడ్డబోల్టుకు ఒక ప్రత్యేకత ఉంది. చాలా బండ్లలో ఆ బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి పోతుంది. బిగింపు వదులైనా జాయింటు ఊడి జారిపోకుండా ఆపేది అదే. కాబట్టి షాఫ్టు పూర్తిగా లోపలికి దిగి, గాడి ఎదురుపడ్డాకే బోల్టు దూర్చాలి. స్ప్లైనే అరిగిపోయి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, ఆ ముక్క మార్చాల్సిందే.

కింద చూడాలంటే చదును నేల మీద జాకీ ఎత్తి, స్టాండు పెట్టాకే చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. లేచిన టైరును ఎడమా కుడీ అంచుల దగ్గర పట్టి ఊపితే కదలిక టై రాడ్‌ను అనుమానించమంటుంది. పైనా కిందా పట్టి ఊపితే వచ్చే కదలిక చక్రం బేరింగునో, కింది బాల్ జాయింటునో చూపిస్తుంది. టై రాడ్ కొస మార్చాక అలైన్‌మెంటు తప్పనిసరి. లేకపోతే కొత్త టైరు ఒక పక్కే అరిగిపోతుంది.

బిగించకూడని స్క్రూ

ట్రాక్టర్లు, పాత జీపులు, లారీలకు ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్సు ఉంటుంది. దాని మీద ప్లే సర్దే స్క్రూ ఒకటి బయటికే కనిపిస్తుంది కాబట్టి అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. బండి జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది. అందుకే బాక్సు లోపలి పళ్లు నడుమ ఎక్కువ, కొసల్లో తక్కువ అరుగుతాయి. నడుమ ప్లే మొత్తం పోయేదాకా బిగిస్తే, మలుపులో అరగని పళ్లు పట్టేసి స్టీరింగ్ తిరగదు. ర్యాక్ వెనక ఉండే సర్దుబాటు నట్టుదీ ఇదే దారి. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఈ రెండూ కొలత తెలిసిన చేతికే వదిలేయాలి. బాక్సు వరకూ వచ్చిన జబ్బుకు సూర్యాపేటలోనో, కోదాడలోనో నమ్మకమైన ఉస్తాద్ దగ్గరికి వెళ్లడమే చవక.

బాగుచేసిన తర్వాత పని ఇంకొకటి మిగులుతుంది. బిగించిన కొత్తలో రంగు పొరలు, తుప్పు పొరలు, లోహం మీది సన్నని గరుకు నలిగి, బోల్టు బిగింపు కొంత తగ్గుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అవే బోల్టులను మరోసారి చూడాలి. సుద్ద గీతలతో ప్లే కొలిచి, ఆ అంకెను తేదీతో సహా సర్వీస్ పుస్తకంలో రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా లేదా అన్నది ఏ మెకానిక్కునూ అడగకుండానే తెలుస్తుంది. చట్టం బెత్తెడు దాకా ఒప్పుకుంటుంది. కారు నడిపేవాళ్లు మాత్రం మూడు సెంటీమీటర్ల దగ్గరే షెడ్డుకు పోవాలి.